చెడిపోని కంప్యూటర్

కోరుట్ల బస్టాండు వెనక సందులో రాజేందర్‌కు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై, బస్సులు ఆగి, బడులకు తాళాలు పడి, ఆ దుకాణం కూడా సగం షట్టరు దించుకొని నడుస్తున్న రోజుల్లో బాలలక్ష్మి వచ్చింది. ఆమె భర్త సాయిలు, రాజేందర్ ఒకే బడిలో చదువుకున్నారు. ఇద్దరి తండ్రులూ ఒకే తాటివనంలో కల్లు గీసినవాళ్లు. సాయిలు మస్కట్ వెళ్లి రెండేళ్లు దాటింది.

"అన్నా, నర్సింగం మస్కట్ నుంచి వచ్చిండు కదా, మా ఇంటాయన ఆయనతోని కెమెరా పంపిండు" అంది బాలలక్ష్మి. "సిమ్ము ఏసే నెట్ డాంగిల్ నేనిక్కడ కొన్న. నువ్వు జెర్ర వచ్చి పెడితే, సద్దుల బతుకమ్మ నాడు బిడ్డను సూపెడ్త. నెట్ సెంటర్ల పోరగాండ్ల నడుమ కూసొని మొగనితోని మాట్లాడుడు నాతోని కాదు."

"గదెంత పని చెల్లె, సాయంత్రం వస్త" అన్నాడు రాజేందర్.

సాయిలు మస్కట్ వెళ్లేముందు, మూతపడుతున్న ఒక నెట్ సెంటర్ నుంచి కొన్న కంప్యూటర్ అది. రంగు వెలిసిన డబ్బా, వెనక్కి ఇంత పొడవున బొజ్జ ఉన్న టీవీ లాంటి తెర. రాజేందర్ డాంగిల్‌ను ముందరి పోర్టులో గుచ్చితే దాని దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయింది. అక్కడ కరెంటు చాలడం లేదని డబ్బాను తిప్పి వెనకాల గుచ్చాడు. ఈసారి దీపం నిలిచింది కాని, ఈ పాత విండోస్ మీద నేను ఎక్కనంటూ డాంగిల్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. దానికి కావలసిన సీడీ దుకాణంలో ఉంది.

"రేపు సీడీ తెచ్చి ఏస్త. గంట పని" అని లేచాడు.

దుకాణానికి తిరిగి వచ్చి కూర్చున్నాడో లేదో సాయిలు ఫోన్ చేశాడు.

"మా ఇంటికి పోయినవట. కంప్యూటర్ అయిందారా?"

"రేపు అయితది. రేపటి సంది పెండ్లాం మొకం సూసుకుంట మాట్లాడుకో."

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత సాయిలు మెల్లగా అన్నాడు. "కానియ్యకురా. అది కానియ్యకు."

రాజేందర్‌కు అర్థం కాలేదు. సాయిలు మాటలు కూడదీసుకొని చెప్పాడు. నర్సింగం బయలుదేరిన తర్వాత, రేకులు కోసే మిషన్లో కుడిచెయ్యి పడింది. మణికట్టు దాకా తీసేశారు. దవాఖాన నుంచి గదికి వచ్చి వారమైంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గీ చెయ్యి చూస్తే బాలలక్ష్మి తట్టుకుంటదారా? కొన్ని దినాలు పోనియ్యి. నేనే ఎట్లనన్న చెప్పుకుంట. పాత మిషన్ పని చేస్తలేదని చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

మర్నాడు రాజేందర్ సీడీ తీసుకొనే వెళ్లాడు. అబద్ధం చెప్పడానికి అది లేకపోయినా నడిచేది. కాని చేతికి అలవాటైన పని, మొదలుపెడితే ఆగలేదు. సీడీ ఎక్కింది, సాఫ్ట్‌వేర్ ఎక్కింది, డాంగిల్ దీపం నీలంగా వెలిగింది. నెట్ కలిసింది. బాలలక్ష్మి వంటింట్లో చాయ్ పోస్తోంది. కేకేస్తే వచ్చి చూస్తుంది. రాజేందర్ ఒకసారి వంటింటి వైపు చూసి, డాంగిల్ పేరు వెతికి, దాన్ని పనిచేయకుండా ఆపేశాడు. ఆ పేరు పక్కన ఎర్రటి ఇంటూ గుర్తు పడింది. దీపం ఆరింది.

"పట్టుకుంటలేదు చెల్లె" అన్నాడు, ఆమె చేతి నుంచి చాయ్ అందుకుంటూ. "మిషన్ బాగ పాతగయింది."

ఆమె కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. "పాతదైనా ఆయన ఏరుకొచ్చి కొన్నది కదా, పని చేస్తదనుకున్న" అంది. "నువ్వైతే ఎట్లన్న చేస్తవు. తొందరేం లేదన్నా."

అతను చాయ్ సగంలో వదిలేసి, సీడీ తీసుకొని లేచాడు.

ఆ తర్వాత ఆమె అడిగినప్పుడల్లా ఒక సాకు దొరికింది. ఒకరోజు బంద్. ఒకరోజు కరెంటు లేదు. ఒకరోజు హైదరాబాద్ నుంచి జగిత్యాల దుకాణానికి సామాను రావడం లేదు. సమ్మె రోజుల్లో సాకులకేం కరువు? బాలలక్ష్మి అన్నీ నమ్మింది. సమ్మె దీక్షా శిబిరానికి తలా ఇంత బియ్యం కలిపి వండి పంపే ఆడవాళ్లలో ఆమె కూడా ఉండేది. అటు వెళ్తూ రాజేందర్ దుకాణంలో ఒక గిన్నె కూర పెట్టి వెళ్లేది. అతను సాయిలుకు ఫోన్ చేసి "చెప్పుర ఇగ, నాతోని అయితలేదు" అంటే, "తాటిచెట్లు ఎక్కనీకి గూడ పనికిరానురా నేను. ఇంకొన్ని దినాలు" అని సాయిలు ఏడ్చేవాడు. ఏడుస్తున్నవాణ్ని ఏమనగలడు?

సద్దుల బతుకమ్మ వెళ్లిపోయింది. మర్నాడు బాలలక్ష్మి నవ్వుతూనే చెప్పింది. "బిడ్డ స్రవంతి కొత్త గౌను ఏసుకొని, కంప్యూటర్ ముంగట నిలబడి, బాపూ చూడు చూడు అని తిరిగిందన్నా. అది నడుస్తలేదే అంటే, నడవకున్నా బాపుకు కనిపిస్తదట."

రాజేందర్ నోటికి ఏదో ఒకటి రావాలి, వచ్చింది. "రేపు సిరిసిల్ల పోతున్న చెల్లె. దానికి కావల్సిన పార్టు అక్కడ దొరుకుతదంటున్నరు."

ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఆమె మొహం వెలిగింది. ఆమె పుట్టిల్లు సిరిసిల్లే. పొద్దున్నే పండగ సత్తుపిండి ముద్దలు డబ్బాలో పెట్టి తెచ్చి, "మా అవ్వకియ్యి అన్నా" అంది. ఇక అబద్ధం కోసమే నిజంగా సిరిసిల్ల వెళ్లక తప్పలేదు.

రుద్రంగి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపించి, విస్తరి వేసి కూర్చోబెట్టారు. వడ్డిస్తున్న పెద్దమనిషి "ఏం పని మీద పోతున్నవు కొడుకా, గిసొంటి దినాన?" అని అడిగాడు. "మావోళ్లకు ఒక సాయం చేసేదుంది" అన్నాడు రాజేందర్. "మంచిది, కడుపునిండ తిను" అని ఆయన ఇంకో గరిటె వేశాడు. అంతమంది నడుమ, ఆ నీడలేని రోడ్డు మీద, అతను తలెత్తకుండా తిని లేచాడు.

బాలలక్ష్మి తల్లి దుర్గవ్వ ఇల్లు నేతగాళ్ల వాడలో ఉంది. కరెంటు కోతలతో మరమగ్గాల సాంచాలు ఆగి వాడంతా నిశ్శబ్దంగా ఉంది. డబ్బా అందుకొని ఆమె మురిసిపోయింది. పొద్దు వాలుతోంది, దారులన్నీ బంద్, ఈ రాత్రికి ఇక్కడే ఉండమని పట్టుబట్టి అన్నం పెట్టింది.

"మరి గా పార్టు దొరికిందా కొడుకా?"

"దొరికిందవ్వా. పెద్ద బజార్ల."

"బజారంత పొద్దటి సంది బందే ఉండె కదా."

రాజేందర్ అన్నం కలుపుకున్నాడు. దుర్గవ్వ అతని కంచంలో మజ్జిగ పోసింది.

"నా బిడ్డకు అనుమానం ఉన్నది" అంది, ఎవరితోనో అన్నట్టు. "అల్లుడు ఇదివరకు ఒండుకుంట మాట్లాడేటోడట. ఫోన్ల గిన్నెలు, గంటెలు ఇనిపించేటియట. కొన్ని దినాల సంది ఏం సప్పుడు లేదట. నిమ్మలంగ కూసొని మాట్లాడుతుండట. గంత నిమ్మలం ఆయనకేడిదే అవ్వా, అన్నది నాతోని."

రాజేందర్ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అక్కడే చెప్పేస్తే బాగుండునని అనిపించింది. తల్లికి చెప్తే కూతురికి చేరుతుంది, తను చెప్పినట్టూ ఉండదు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది. తెల్లారగానే బయలుదేరాడు. ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేయాలని దారి పొడుగునా అనుకున్నాడు.

బాలలక్ష్మి ఇంటికి తాళం ఉంది. పక్కింటి సమ్మవ్వ గడపలో కూర్చొని స్రవంతికి జడ వేస్తోంది.

"జగిత్యాల పాయె" అంది సమ్మవ్వ. "వాళ్లవ్వ పొద్దుగాల ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఏమో, గా కంప్యూటర్ డబ్బాను చద్దర్ల మూటగట్టుకొని మక్కల ట్రాక్టరెక్కింది. నువ్వు సామాను కొనేటి దుకానం ఉన్నది కదా టవర్ కాడ, ఆడికే."

టవర్ దగ్గర ప్రభాకర్ దుకాణం. రాజేందర్ పని నేర్చుకున్నప్పటి స్నేహితుడు. ఆ పేరు బాలలక్ష్మికి చెప్పింది కూడా తనే, సామాను రాలేదన్న సాకుల్లో. రాజేందర్ బండి తిప్పాడు.

అతను వెళ్లేసరికి బాలలక్ష్మి ప్రభాకర్ పక్కన స్టూలు మీద కూర్చొని ఉంది. తల నిండా మొక్కజొన్నల పొట్టు. ఒళ్లో మడిచిన చద్దరు.

"ఏమన్నా, నువ్వు గూడ వస్తివి?" అన్నాడు ప్రభాకర్, ఏమీ తెలియక. "ఈమెకు గదే చెప్తున్న, మిషన్ చెడిందేం లేదు. అన్ని మంచిగ ఏసి ఉన్నయి. డాంగిల్‌నే ఎవలో బంద్ చేసి పెట్టిండ్రు. ఇగో, ఎర్ర ఇంటూ ఉన్నది సూడు. అదంతల అది పడది."

బాలలక్ష్మి రాజేందర్ వైపు తిరిగింది.

"ఎవలు బంద్ చేసిండ్రన్నా?"

"నేనే" అన్నాడు.

ఆమె ఎందుకని అడగలేదు. "నడిపియ్యుండ్రి" అంది ప్రభాకర్‌తో.

అతను ఒక్క నొక్కు నొక్కాడు. ఎర్ర గుర్తు పోయింది. దీపం నీలంగా వెలిగింది. బాలలక్ష్మి దగ్గరున్న చీటీలో పేరు చూసి, సాయిలు గదిలోనే ఉండే ఎల్లన్న లాప్‌టాప్‌కు వీడియో కాల్ కలిపాడు. ఆ రోజు శుక్రవారం, అక్కడ వాళ్లకు సెలవు. ఎల్లన్న ఎత్తి, "వదినె, కనిపిస్తున్ననా?" అంటూ తెర లోకి వంగాడు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. అతను పక్కకు జరగగానే వెనక మంచం మీద సాయిలు కనిపించాడు. ఒళ్లో కంచం పెట్టుకొని, ఎడమచేతిలో చెంచాతో అన్నం తింటున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. దాని చివర తెల్లటి కట్టు మాత్రమే ఉంది.

బాలలక్ష్మి తెరకు దగ్గరగా జరిగింది. ప్రభాకర్ లేచి బయటికి వెళ్లాడు. రాజేందర్ అక్కడే నిలబడ్డాడు.

"ఎన్నటి సంది ఎడమచేత్తోని తింటున్నవు?" అని అడిగింది ఆమె.

సాయిలు తలెత్తి చూశాడు. చెంచా కంచంలో పడింది. కట్టును వెనక్కి దాచుకోబోయాడు, ఆమె "దాయకు" అంది. తర్వాత వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎక్కువగా ఆమే మాట్లాడింది. మందులు వేసుకుంటున్నావా, రాత్రి నిద్ర పడుతుందా, స్నానం ఎలా చేస్తున్నావు. సాయిలు చిన్నపిల్లాడిలా ఒక్కోదానికీ జవాబిచ్చాడు. చివరికి "ఇంటికి రా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరు దొరకలేదు. డబ్బాను నడుమ పెట్టుకొని ఆమె రాజేందర్ బండి మీదే రావలసి వచ్చింది. మెట్‌పల్లి రోడ్డు ఖాళీగా ఉంది. ఊరు దగ్గరపడుతుండగా రాజేందర్ అన్నాడు. "వాడు కాళ్లు మొక్కుత అన్నడు చెల్లె. ఏం చెయ్యాలె?"

"ఆయన చెప్పద్దన్నడు, భయపడ్డడు. దానికి నాకు కోపం లేదు" అంది బాలలక్ష్మి. "బతుకమ్మ నాడు నేను ఆడుకుంట తిరుగుతున్న. ఆయన గదిల ఒక్కడే కూసొని ఏడుస్తున్నడు. గా సంగతి నీకెరుక. నా ఇంట్ల కూసొని, నేనిచ్చిన చాయ్ తాగుకుంట, మా ఇద్దరి నడుమ తలుపు పెట్టినవు."

రాజేందర్ డబ్బాను ఆమె గడపలో దించి వచ్చేశాడు. 

ఎండలు ముదరకముందే సాయిలు వచ్చేశాడు. కొన్నాళ్లకు అతనొకడే రాజేందర్ దుకాణానికి వచ్చి, చెక్క బల్ల మీద కూర్చొని, "నా మాట పట్టుకొని నువ్వు మాటపడితివిరా" అన్నాడు. "నీ తప్పేం లేదని నేను దానికి చెప్పిన."

అన్నాళ్లూ రాజేందర్ ఆ మాట కోసమే ఎదురుచూశాడు. విన్నాక మాత్రం ఆ మాట తీసుకోలేకపోయాడు.

"నువ్వు చెప్పినవనే కాదురా" అన్నాడు. "ఆమె నీ చెయ్యి సూసినప్పుడు నేనక్కడ ఉండాల్సి వస్తదని భయపడ్డ. గా ఏడుపు నా ముంగట వద్దనుకున్న. నువ్వు అడిగేసరికి నాకు సులువైంది. గంతే."

సాయిలు అతని వైపు తిరిగాడు. "గీ మాట దానికి చెప్పినవా?"

"లేదు."

"నాకెందుకు చెప్తున్నవు మరి? పోయి చెప్పు."

ఆ సాయంత్రమే రాజేందర్ వెళ్లాడు. బాలలక్ష్మి వాకిట్లో చాట పట్టుకొని మక్కలు చెరుగుతోంది. అతను నిలబడే చెప్పాడు, తడబడకుండా మొత్తం చెప్పాడు. ఆమె చాట ఆపి విన్నది.

"గిది ఆనాడు బండి మీద చెప్తే అయిపోతుండె" అంది.

అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. రాజేందర్ వాకిట్లో కొంచెంసేపు నిలబడి, చెప్పులు వేసుకొని వచ్చేశాడు.