కాలవలోకి చుక్క పోనివ్వం

"ఇంకో మందు మార్చి చూడండి డాక్టరుగారూ," అని బతిమాలింది అక్క. మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగేవాళ్ళందరికీ ఆమె అక్కే. మంచం మీద ఆమె తమ్ముడి భార్య ఒళ్ళు కాలిపోతోంది. కాన్పయి వారం తిరగలేదు.

"ఉన్నవన్నీ మార్చేశానమ్మా. ఏదీ పట్టడం లేదు," అంది డాక్టరు తల దించుకుని. "మీ ఫ్యాక్టరీ మురుగులో పోయేవీ ఈ మందులే. కాలవలో క్రిములు వాటికి అలవాటుపడి రాటుదేలాయి. ఇక ఏం వేసినా చావవు."

మధ్యాహ్నానికి మరదలు పోయింది.

మట్టి చేసి వచ్చిన చేతులతోనే అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. షిఫ్టు దిగుతున్నవాళ్ళను ఆపింది.

"షెడ్డులో ఓజోన్ యంత్రం ఉందిగా? ఆ గాలి మురుగునీళ్ళలోకి వదిలితే అందులోని మందు విరిగిపోతుందని కంపెనీవాళ్ళే చెప్పారుగా? మరి తనిఖీవాళ్ళు వచ్చిన రోజు తప్ప అదెందుకు తిరగదు?"

"కరెంటు తింటుందని," అన్నారెవరో.

"అది కరెంటు తినకూడదు, వీళ్ళు మనుషుల్ని తినొచ్చా?"

బాయిలర్ దగ్గర పనిచేసే మామ మండిపడ్డాడు. "గట్టిగా అడిగితే తాళమేస్తారు. నా పిల్లల నోట్లో నువ్వు ముద్ద పెడతావా?"

"వాళ్ళు తాగేదీ ఆ కాలవ పక్క బోరునీళ్ళే కదా మామా!"

మామ గొంతు దిగిపోయింది. "చిన్నదాని చెవిలో చీము... ఎన్ని మందులేసినా ఆగడం లేదే."

"షెడ్డు తగలబెడదాం!" అని అరిచారు కుర్రాళ్ళు.

"తగలబెట్టి ఏం తాగుతాంరా? ఆ యంత్రం మనకి కావాలి. అది తిరిగేదాకా కాలవలోకి చుక్క పోకూడదు."

మర్నాడు పొద్దున్నే మామ గేటు పక్కన మురుగును కాలవలోకి వదిలే వాల్వు బిగించేశాడు. కూలీల కాలనీ అంతా వచ్చి దాని చుట్టూ కూర్చుంది. లోపల తొట్టి నిండి పొర్లింది. మేనేజరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"అవి మామూలు నీళ్ళే! వాల్వు తిప్పండి!"

అంతలో పొర్లిన నీళ్ళు గేటు దాకా పాకాయి. మేనేజరు ఎగిరి వెనక్కి దూకాడు. "తొక్కకండి! బూట్లకి అంటుతుంది!"



"విన్నారా?" అంది ఒక ముసలామె. "వీళ్ళ బూట్లకి పనికిరానివి మన గొంతులకి పనికొచ్చాయి!"

లాఠీలు లేచాయి. మామ మణికట్టు విరిగింది. అక్క తల పగిలింది. ఇద్దరినీ వ్యానులోకి విసిరేశారు. ఇంతా చేస్తే యంత్రం తిరగనే లేదు. చచ్చిపోయినదాని కోసం తనివితీరా ఏడవనైనా లేదు. అక్క వ్యాను ఊచలకు నుదురు ఆనించింది.

పొర్లిన మురుగులోకి దిగి వాల్వు తిప్పడానికి పోలీసులు కూడా వెనకాడారు. తరవాతి షిఫ్టు వస్తోంది. అందరూ కాంట్రాక్టు కూలీలు.

"వాల్వు తిప్పినవాళ్ళకి ఉద్యోగం పర్మినెంటు!" అని అరిచాడు మేనేజరు.

ప్యాకింగులో పనిచేసే పిల్ల ఒకతె గుంపులోంచి ముందుకొచ్చింది. అక్క గుండె జారిపోయింది. ఆ పిల్ల వాల్వు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని, దాన్ని కావలించుకుని, కింద కూర్చుంది.

ఆమె పక్కన ఇంకొకరు కూర్చున్నారు. షిఫ్టు సైరన్ మోగింది. లోపలికి ఒక్కరూ పోలేదు.