తడిబట్టల ప్రమాణం

భర్త నాగరాజంటే కోమలకు అప్పటిదాకా విసుగే గానీ భయం లేదు. మరమగ్గం మానేసినప్పటి నుంచి ఆయనకు రాజకీయమే కొలువు. కొత్త రాష్ట్రం వచ్చాక మెడలో ఎన్ని కండువాలు మారినా ఆ కొలువు మాత్రం ఊడలేదు. వార్డు మహిళలకు రిజర్వు కావడంతో కోమల కౌన్సిలరైంది. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది.

మున్సిపల్ చైర్మన్ మీద అవిశ్వాసం పెట్టారు. పెట్టించిన అంతయ్య తన వైపు కౌన్సిలర్లను కుటుంబాలతో సహా బస్సెక్కించి, ఫోన్లు గుంజుకుని ఊళ్లు తిప్పాడు. ఓటింగ్ ముందురోజు పొద్దున ధర్మపురిలో దించాడు. గోదాట్లో మునిగి, తడిబట్టలతో నర్సింహస్వామి గుడి ముందు, పిల్లల తలమీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలట. ఇంతకన్నా గట్టి హామీ ఆయనకు తెలియదు.

రేవు మెట్ల మీద నాగరాజు గొంతు తగ్గించాడు.

"ప్రమాణం చెయ్యి. రేపు మాత్రం చెయ్యి లేపకు. చైర్మన్‌తోని మాటైంది."

"బిడ్డ తలమీద చెయ్యివెట్టి అబద్ధమాడాల్నా?"

"గవన్నీ ఉత్తయే. ఫికర్ చెయ్యకు."

గుడి ముందు మొదట కోమలను పిలిచారు. ఆమె స్వామి వైపు చూడలేకపోయింది. కూతురు భవ్యశ్రీ తడి జుట్టుతో నవ్వుతూ నిలబడింది. తల్లి చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది.

"ఏంది చెల్లె, ఎనకాముందాడుతున్నవ్?" అన్నాడు అంతయ్య.

"ముందుగాల ఆయనతోని చేపియ్యిండ్రి" అంది కోమల. కన్నతండ్రి కదా, చెయ్యి రాదనుకుంది.

నాగరాజు చెయ్యి చటుక్కున పిల్ల తలమీద పడింది.

"మా ఓటు అంతయ్యన్నకే. తప్పితే నా బిడ్డ నాకు దక్కద్దు."

గొంతు కొంచెం కూడా తడబడలేదు. కోమలకు దేవుడి భయం పోయి, ఆ మనిషంటే భయం పట్టుకుంది. తన వంతు రాగానే ఆమె నిజంగానే ప్రమాణం చేసింది.

మర్నాడు సమావేశంలోకి కౌన్సిలర్లను మాత్రమే పంపించారు. నాగరాజు పిల్లను ఎత్తుకుని "యాదికున్నదా?" అన్నాడు.

"ఉన్నది" అంది కోమల.

అవిశ్వాసానికి అనుకూలమైనవాళ్లు చేతులు లేపాలని అధికారి చెప్పాడు. కోమల లేపింది. లెక్క సరిపోయిందని పక్కామె సంబరంగా ఆమె భుజం తట్టింది. కిటికీ అవతల నాగరాజు ఆ లేచిన చేతినే చూస్తున్నాడు. కోప్పడలేదు. పిల్లను భుజం మార్చుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

కోమల తలుపు దగ్గరికి పరుగెత్తింది. సంతకాలు పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి పోవద్దన్నాడు అధికారి.