హోమ్‌పేజీ మీద ఎవరికి చోటు

కొచ్చిలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ ముగించుకుని పుళక్కర యూనివర్సిటీ లైబ్రరీకి తిరిగొచ్చిన రోజున లిజిమోల్ సంచీలో రంగురంగుల జిగురు చీటీల కట్టలు, మనసులో బోలెడంత ధైర్యం ఉన్నాయి. ఎంత పెద్ద పనినైనా చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించి, 'చేయాల్సినవి' దగ్గర నుంచి 'చేస్తున్నవి'లోకి, అక్కడి నుంచి 'అయిపోయినవి'లోకి జరుపుకుంటూ పోతే చాలని అక్కడ చెప్పారు. చెప్పినాయన టై కట్టుకుని మరీ చెప్పాడు. లిజిమోల్ నమ్మేసింది.

ఆమె అసిస్టెంట్ లైబ్రేరియన్. పెట్టిన వస్తువు పెట్టిన చోట లేకపోతే అన్నం సయించని మనిషి. అందుకే చీఫ్ లైబ్రేరియన్ ప్రభాకర మేనోన్ ఆమెను పిలిచి, లైబ్రరీ వెబ్‌సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దే పని అప్పగించాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన బృందంలో ఒకావిడ ఆ వెబ్‌సైట్‌లో ఏదో పుస్తకం వెతకబోయి, కాసేపు తంటాలు పడి, చివరికి తనే లేచి అరల దగ్గరికి నడిచివెళ్లి తెచ్చుకుంది. తెచ్చుకుని నవ్వింది. ఆ నవ్వు మేనోన్‌గారికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ వెబ్‌సైట్ అలాగే ఉండేది మరి. తెరవగానే పైన ఎర్రక్షరాలు రైలుబండిలా పరుగెత్తేవి. ఏనాడో ముగిసిపోయిన సదస్సు పక్కన 'కొత్తది' అనే మాట ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉండేది. మేనోన్‌గారి ఫొటో మూడు చోట్ల ఉండేది. ఒకచోట సందేశం ఇస్తూ, ఒకచోట దీపం వెలిగిస్తూ, ఒకచోట ఊరికే. పుస్తకం వెతుక్కునే పెట్టె మాత్రం అట్టడుగున, సందర్శకుల సంఖ్య చూపించే అంకెల పక్కన, ఎవరి కంటా పడకూడదన్నట్టు నక్కి ఉండేది.

లిజిమోల్ తన జట్టును కూర్చుకుంది. కంప్యూటర్ సెంటర్ నుంచి ఉమ్మర్ వచ్చాడు. కోళిక్కోడువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఏం చెప్పినా అయిపోద్ది మేడమ్ అంటాడు గానీ ఎప్పటికో మాత్రం చెప్పడు. ప్రతి సెక్షన్ నుంచీ ఒకరు రావాలని లిజిమోల్ అంది కాబట్టి, పత్రికలూ జర్నళ్లూ చూసే పీరియాడికల్స్ సెక్షన్ నుంచి వత్సల వచ్చింది. వత్సల ఉద్యోగుల సంఘం కార్యదర్శి కూడా. లైబ్రరీలో అందరికీ ఆమె చేచ్చి, అంటే అక్క. ఆమె ధర్నాకు కూర్చుంటే వైస్ ఛాన్సలర్ వెనక గుమ్మం నుంచి ఇంటికి వెళ్తాడని చెప్పుకునేవాళ్లు.

తొలిరోజే చిక్కొచ్చి పడింది. రోజూ పొద్దున్నే అందరూ కాసేపు నిలబడి, నిన్న ఏం చేశారో ఈరోజు ఏం చేస్తారో చెప్పాలనేది కొచ్చిలో నేర్పిన పద్ధతి. లిజిమోల్ ముందే కుర్చీలు తీయించేసింది. వత్సల చేచ్చి గది నాలుగు మూలలా చూసి, కూతుర్ని పిలిచినట్టు 'మోళే' అంటూ అడిగింది.

"ఎందుకు నిలబడాలి మోళే?"

"కూర్చుంటే మీటింగ్ సాగుతుంది చేచ్చీ. నిలబడితే తొందరగా తెమిలిపోద్ది."

"మా ఆడవాళ్లకి కూర్చునే హక్కు కావాలని ఒకప్పుడు గేటు దగ్గర ఎండలో నిలబడ్డాం. ఇప్పుడు నువ్వొచ్చి మళ్లీ లేవమంటున్నావు."

మధ్యాహ్నానికల్లా నోటీసు బోర్డు మీద సంఘం వారి నిరసన పత్రం వెలిసింది. మేనోన్‌గారు మధ్యవర్తిత్వం చేసి, నిలబడే సమావేశాన్ని కూర్చుని జరుపుకోవచ్చని తేల్చాడు. కూర్చున్నాక చాయ వచ్చింది. చాయ వచ్చాక పళంపొరి అనే అరటిపండు బజ్జీ వచ్చింది. పళంపొరి వచ్చాక ఎవరి కూతురికి ఎక్కడ సీటొచ్చిందో తేలేదాకా ఎవరూ లేవలేదు. గోడ మీది చీటీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఉన్నాయనడం కూడా నిజం కాదు, పెరిగాయి. రోజూ పొద్దున లిజిమోల్ వచ్చేసరికి ఆమె రాయని చీటీలు నాలుగైదు గోడ మీద కొత్తగా కనిపించేవి. హోమ్‌పేజీ మీద థీసిస్ సెక్షన్‌కు ఒక బటన్ కావాలి. థీసిస్ వాళ్లకు ఉంటే తాళపత్రాల వాళ్లకు రెండు కావాలి. మలయాళం సెక్షన్ వాళ్లు మాతృభాష అన్నిటికన్నా పైన ఉండాలన్నారు. సైన్సు సెక్షన్ వాళ్లు ఇంగ్లీషు అక్షరక్రమం పాటించమన్నారు, ఎందుకంటే అలా అయితే బయాలజీ ముందొస్తుంది. మేనోన్‌గారు ఫొటోల సంగతి ఎత్తలేదు గానీ, సందేశాన్ని ఈసారి వీడియోలో ఇస్తే బాగుంటుందేమోనని యథాలాపంగా అన్నాడు.

ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో అడ్డపట్టీలుగా చూపించే చార్టు ఒకటి లిజిమోల్ బల్ల ఎదుట ఉండేది. ఆ పట్టీలు వారంవారం కుడివైపు జరుగుతూ ఓనం దాటాయి, దీపావళి దాటాయి, క్రిస్మస్ కేసి చూస్తున్నాయి. అందరూ అడిగినవన్నీ పెట్టి ఉమ్మర్ ఒక నమూనా తయారుచేశాడు. దాన్ని తెరిచి చూస్తే ఎన్నికల ముందు రోజు బస్టాండు గోడలా ఉంది.

"ఫోన్‌లో కూడా తెరుచుకుంటుందా?" అని అడిగింది లిజిమోల్ నీరసంగా.

"తెరుచుకుంటుంది మేడమ్. బటన్లన్నీ పట్టాయి. వేలు పెట్టడానికే చోటు లేదు."

ఇక ఆమెకు శిక్షణలో నేర్పినవాటిలో ఒకే ఒక్క ఉపాయం మిగిలింది. లైబ్రరీలో దొరికే సేవల పేర్లన్నీ అట్టముక్కల మీద రాసి వరండాలో బల్లల మీద పరిచి, వచ్చేపోయే విద్యార్థులను పిలిచి, ఏది దేనితో కలుస్తుందో కుప్పలు పెట్టమంది. సెక్షన్ల వాళ్లు దూరం నుంచి చూడొచ్చు, మాట్లాడకూడదు. అది షరతు.

'పీరియాడికల్స్' అని రాసిన ముక్కను హిస్టరీ అమ్మాయి ఒకతె చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి కెమిస్ట్రీ కుప్పలో వేసింది. మూలకాల పీరియాడిక్ టేబుల్ కదా అంది. ఆమె తర్వాత వచ్చినవాడు, క్లాసుల పీరియడ్ల సంగతి కాబోలని హాజరు కుప్పలో వేశాడు. ఇంకొకడు ఆ ముక్క చూడగానే చెవులదాకా ఎర్రబడి, దాన్ని గబగబా ఆడపిల్లల విశ్రాంతి గది కిందకు తోసేసి వెళ్లిపోయాడు. స్తంభం పక్కన నిలబడి ఇదంతా చూసిన వత్సల చేచ్చి ఆ సాయంత్రం చాయ కూడా తాగకుండా బస్సెక్కింది.

మర్నాడు ఆమె సీటులో లేదు. సంఘం ఏదో తలపెట్టిందని లైబ్రరీ అంతా గుసగుసలు. లిజిమోల్ వెతుక్కుంటూ వెళ్తే, చేచ్చి క్యాంటీన్‌లో విద్యార్థుల మధ్య కూర్చుని, మీకు జర్నల్లో వ్యాసం కావాలంటే దాన్ని ఏమని వెతుకుతారో చెప్పమని ఒక్కొక్కరినీ నిలదీస్తోంది. లిజిమోల్‌ను చూసి పక్కన చోటు చూపించింది.

"ఇన్నాళ్లూ 'పీరియాడికల్స్' అన్న ఆ బోర్డు కింద కూర్చున్నాను. పిల్లలు రావట్లేదంటే చదువు మీద ధ్యాస లేదనుకుని తిట్టుకున్నాను. వాళ్లకి బోర్డే అర్థం కాలేదు మోళే." మళ్లీ తనే అంది, "నా బటన్ తీసెయ్. 'వ్యాసాలు, పత్రికలు' అని మామూలు మాటల్లో ఎక్కడో ఒకచోట పెట్టు. మిగతావాళ్ల సంగతి నేను చూస్తాను."

చూసింది. ఏ శిక్షణలోనూ నేర్పని పద్ధతిలో చూసింది. ఒక్కో సెక్షన్‌కూ వెళ్లి, ఇన్‌చార్జి బల్ల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. వాదించేది కాదు. పిల్లల చదువుల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి అడిగేది. తర్వాత, నా బటన్ నేనే తీసేసుకున్నాను, నీ సంగతేంటి అని అడిగి, ఊరుకునేది. ధర్నాల్లో ఆరితేరిన మనిషికి కూర్చోవడం ఎలాగో ఎవరూ నేర్పక్కర్లేదు. సైన్సు సెక్షన్ భోజనాల వేళకే లొంగిపోయింది. తాళపత్రాల పద్మనాభన్ రెండు రోజులు బిగుసుకుని, మూడోరోజు ఆమె ఊయల పాటలాంటి కూనిరాగం తీయడం మొదలుపెట్టేసరికి చేతులెత్తేశాడు. మలయాళం సెక్షన్ వాళ్లు ఆమె కుర్చీ గుమ్మంలోకి రావడం చూసే ఒప్పేసుకున్నారు. హోమ్‌పేజీ మీద వెతుకులాట పెట్టె, తెరిచి ఉండే వేళలు, సాయం అడిగే చోటు, మరో రెండు మూడు మామూలు మాటలు మిగిలాయి. గోడ మీద 'అయిపోయినవి' కింద చీటీలకు చోటు చాలలేదు.

మిగిలింది మేనోన్‌గారు. ఆయన ఎదుట కుర్చీ వేసుకోవడానికి చేచ్చి కూడా వెనకాడింది. ఎంతైనా వచ్చే వేసవిలో రిటైరవుతున్న మనిషి. అప్పుడు లిజిమోల్, అందరికన్నా ఎక్కువకాలం ఈ లైబ్రరీని వాడినవారు మీరే కాబట్టి పరీక్షకు మీరూ కూర్చోవాలని ఆయన్ను అడిగింది. ఆయన సంతోషంగా వచ్చి పాత వెబ్‌సైట్ ఎదుట కూర్చున్నాడు. మన యూనివర్సిటీకి సమర్పించిన థీసిస్ ఏదైనా ఒకటి వెతకమన్నారు. ఆయన సహజంగానే తన థీసిస్ ఎంచుకున్నాడు.

పరీక్ష జరుగుతుండగా పక్కనున్నవాళ్లు సాయం చేయకూడదు. లిజిమోల్ చేతులు ఒళ్లో పెట్టుకుని పళ్లు బిగబట్టుకుంది. మేనోన్‌గారు ఒకటి నొక్కితే ఆయన సందేశం వచ్చింది. వెనక్కొచ్చి ఇంకొకటి నొక్కితే దీపం వెలిగిస్తూ ఆయనే వచ్చాడు. ఉమ్మర్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. మేనోన్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మరొకటి నొక్కాడు. మూడో ఫొటో వచ్చింది.

"ఎటు పోయినా వీడొకడు అడ్డమొస్తున్నాడు," అన్నాడాయన.

ఆయనే ముందు నవ్వాడు, అప్పుడు ఉమ్మర్ దగ్గడం మానేసి బాహాటంగా నవ్వాడు. కొత్త నమూనా తెరిచి ఇస్తే ఆయన పెట్టెలో తన పేరు కొట్టాడు. థీసిస్ వెంటనే వచ్చింది. యవ్వనంలో తాను పెట్టిన ఆ పొడవాటి శీర్షికను ఆయన పెదవులు కదుపుతూ మొత్తం చదువుకున్నాడు. లేచి నిలబడి, ఫొటోలు తీసేయమన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"లిజీ, 'మా గురించి'లో ఒకటి ఉండనీ. చిన్నది."

"దీపం వెలిగిస్తున్నదా సార్?"

"కాదు. ఊరికే ఉన్నది."

వెబ్‌సైట్ క్రిస్మస్ సెలవులకు ముందే జనంలోకి వెళ్లింది. వైస్ ఛాన్సలర్ ఆఫీసు వాళ్లు ఇంకా ప్రారంభోత్సవమే కాలేదు కదా అని ఆక్షేపిస్తే, ఉమ్మర్ హోమ్‌పేజీకి ఎర్రటి తెర బొమ్మ తగిలించాడు. వైస్ ఛాన్సలర్ బటన్ నొక్కితే తెర లేవాలి. సగం లేచి ఆగిపోయింది. వత్సల చేచ్చి ముందు వరుసలో గట్టిగా చప్పట్లు మొదలుపెట్టింది, హాలంతా అందుకుంది. అది అలాగే ఆగాలి కాబోలనుకుని వైస్ ఛాన్సలర్ కూడా కొట్టాడు.

వేసవిలో కొచ్చి శిక్షణ సంస్థ వాళ్లు లిజిమోల్‌ను పిలిచి అనుభవాలు చెప్పమన్నారు. చీటీల గోడ గురించి, చార్టు గురించి, అట్టముక్కల గురించి ఆమె చక్కగా చెప్పింది. చివర్లో రెండో వరుసలోంచి ఏదో కాలేజీ లైబ్రేరియన్ లేచి, ఇన్ని సెక్షన్లనూ ఒక్క మాట మీదకు తేవడానికి మీరు వాడిన సాధనం ఏమిటని అడిగాడు. లిజిమోల్ అబద్ధం చెప్పలేకపోయింది.

"వత్సల," అంది.

ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. అది ఉచితంగా దొరుకుతుందా, చందా ఏమైనా కట్టాలా అని అడిగాడు.

లిజిమోల్ ఒక్క క్షణం ఆలోచించింది. "చందా ఉంటుంది సార్. సంఘానికి కట్టాలి."

ఆయన అదీ రాసుకున్నాడు.