జానాబెత్తెడు గేటు

పొద్దున్న ఎనిమిదింటికి బట్టల ఫ్యాక్టరీలో సైరన్ మోగుతుంది. అప్పటికల్లా ఎవరి మిషన్ ముందు వాళ్లు కూర్చోవాలి, లేదంటే లేటు గుర్తు. మూడు గుర్తులు పడ్డాయా, ఉద్యోగం హుళక్కి. చొక్కాలకి కాజాలు కుట్టే కాజాలక్కకి ఇప్పటికే రెండు పడ్డాయి. పక్క మిషన్ మీద కాలర్లు కుట్టే ఆమె వదినకీ రెండు. వదినకి ఏడో నెల.

ఈ పాపమంతా మేనేజరుది. గేటు బార్లా తీసి ఉన్నన్నాళ్లూ జనం తిన్నగా నడిచి ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లేవారు. ఎవరు ఎప్పుడు ఎక్కడ అడుగు పెట్టారో తనకి కచ్చితంగా తెలియాలని ఆ మహానుభావుడు ఒక రెక్క మూయించాడు. గేటు ఇరుకైతే మనుషులు చెదిరిపోతారని చంటిపిల్లలకి కూడా తెలుసు, ఈయనకి తప్ప. ఆ సందులో అడుగు పెట్టీ పెట్టగానే ఒకరు బాయిలర్ గదిలో తేలారు, ఒకరు గోదాములో తేలారు. "చూశారా, వీళ్లకి అదుపు లేదు" అని ఇంకా బిగించాడు. బిగించినకొద్దీ జనం ఇంకా దూరం పోయి పడ్డారు. నిన్న వదిన డాబా మీద తేలింది, పాపం. మెట్లన్నీ దిగి వచ్చేసరికి సైరన్ మోగిపోయింది.

ఇవాళ గేటు జానాబెత్తెడు. పక్కనే నోటుబుక్కుతో మేనేజరు. వదిన అటు తిరిగి, ఇటు తిరిగి చూసింది. పొట్ట పట్టలేదు.

"కడుపుతో ఉన్న మనిషి సార్, కొంచెం తీయించండి" అంది కాజాలక్క.

"రూలు అందరికీ ఒకటే. పట్టకపోతే ఇంటికి పొమ్మను."

కాజాలక్కకి ఒళ్లు భగ్గుమంది. "నీ రూలు తగలెయ్య!" అంటూ సందులోకి దూరింది.

తేలింది ఎక్కడనుకున్నారు? మూడో అంతస్తులో, మేనేజరు కుర్చీలో. సైరన్‌కి ఇంకా నాలుగు నిమిషాలుంది. పరుగెత్తితే తన మిషన్ అందుకోవచ్చు. గుమ్మం దాకా వెళ్లింది కూడా. కిటికీలోంచి చూస్తే గేటు బయట పొట్ట పట్టుకుని ఏడుస్తున్న వదిన కనిపించింది. వీడి మొహం మండా అనుకుంటూ వెనక్కి వచ్చి బల్ల మీది మైకు లాక్కుంది.

"వాచ్‌మన్ బాబాయ్! రెండు రెక్కలూ బార్లా తీసెయ్!"

మేనేజరు "ఆగు, ఆగు" అంటూనే ఉన్నాడు. వాచ్‌మన్ గొళ్లెం లాగేసి, "ఆఫీసు మైకులో చెప్పారు కదండీ" అన్నాడు. జనం మేనేజరుని తోసుకుంటూ తిన్నగా నడిచి సీట్లలో కూర్చున్నారు. వదిన గేటు దాటి లోపలికి వెళ్లేదాకా కాజాలక్క మైకు వదల్లేదు. వదిన కూర్చుని కళ్లు తుడుచుకున్నాక సైరన్ మోగింది.

మేనేజరు రొప్పుతూ మూడో అంతస్తుకి వచ్చాడు. "నీ సీట్లో ఎందుకు లేవు?"

"సందు అంత సన్నం చేసి, ఎక్కడ పడ్డావని నన్నడుగుతావా?"

"మూడో గుర్తు. నీ పని అయిపోయింది."

"రాసుకో. పెన్ను లేకపోతే నేనిస్తా."

కిందికి వచ్చేసరికి వదినకి సంగతి తెలిసిపోయింది. లేవబోయింది.

"కూర్చో వదినా! లేచావంటే ఊరుకోను" అని కసిరింది కాజాలక్క. ఏడుపు రాలేదు ఆమెకి, కోపమే వచ్చింది. బార్లా తీసిన గేటులోంచి తిట్టుకుంటూ తిన్నగా రోడ్డు మీదకి నడిచింది. వెనక నుంచి కాలర్ల మిషన్ చప్పుడు మొదలైంది.