పేరు రాయని కప్పు

ఆ గోడకు ముప్పై నాలుగు మేకులు. మేకుకో కప్పు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు పగలంతా తలదాచుకునే ఆ కేంద్రంలో, ఇది నాదని చెప్పుకోవడానికి ఎవరికైనా ఉన్నది ఆ కప్పొక్కటే. వాటి మీద పేర్లన్నీ పెయింటరే రాశాడు. ఒకప్పుడు బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. మందు వణుకు తెచ్చింది. వణుకు పని పోగొట్టింది.

తన కప్పు మీద మాత్రం ఏమీ రాసుకోలేదు. పేరు లేనిది నాదే, అంతకంటే గుర్తేం కావాలి అనేవాడు. ఆయన అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అడగకపోవడం అక్కడి పద్ధతి.

తొమ్మిదేళ్ళ తర్వాత చెల్లెలికి ఉత్తరం రాశాడు. ఒక్కసారి వచ్చి చూసిపోనా అని అడిగి, కేంద్రం చిరునామా ఇచ్చాడు. ఆనాటి నుంచి టపా వేళకు గుమ్మం పక్క బెంచీ ఆయనది. ఎవరైనా కూర్చుంటే, అక్కడ నాకు డ్యూటీ ఉంది, లెమ్మనేవాడు. మూడు వారాలు కళ్ళు కాయలు కాచాయి. నాలుగో వారం జ్వరం ఆసుపత్రిలో పడేసింది.

పన్నెండో రోజు తిరిగొచ్చి, కూర్చోకుండానే, తనకేమైనా ఉత్తరం వచ్చిందా అని టీ పోసే అమ్మాయిని అడిగాడు. ఆయనకేమీ రాలేదంది. మాటల్లో మాటగా ఇంకోటి చెప్పింది. ఎవరికో లావుపాటి కవరొకటి వచ్చిందట. కప్పులన్నీ వెతికినా ఆ పేరు దొరకలేదట. వారం ఉంచి, నిన్ననే తిప్పి పంపేశారట.

"ఏం పేరు?"

ఆమె గుర్తు తెచ్చుకుని చెప్పింది, ఇంటిపేరుతో సహా.

పెయింటర్ గోడ మీదున్న తన పేరులేని కప్పు వైపు చూశాడు. తిప్పి పంపే కవర్ల మీద రంగు అద్దడానికి కిందటేడు రేకు అచ్చు కోసిచ్చింది ఆయనే. చెయ్యి కుదురుగా ఉన్న రోజు చూసి కోసిన ముత్యాల్లాంటి అక్షరాలు: ఈ పేరు గలవారు ఇక్కడ లేరు. చెల్లెలికి పలక మీద అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఆ చేతిరాత చూడగానే పోల్చుకుంటుంది. అన్నే వద్దని తిప్పికొట్టాడనుకుంటుంది.

"తెలిసినాయనా, బాబాయ్?"

"ముఖపరిచయం," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మరో కవరు అడిగి తీసుకున్నాడు. 'అక్షరాలు నావే, తిప్పి పంపింది నేను కాదమ్మా. ఉన్నాను.' అంతకు మించి చెయ్యి సాగలేదు. తనే వెళ్ళి టపా డబ్బాలో వేసి వచ్చి, కుంచె తీశాడు.

మర్నాడు ఆయన కప్పు అందుకున్న అమ్మాయి పేరు చదివి, టీ కెటిల్ కింద పెట్టేసింది.

"నిన్న చెప్పలేదేం బాబాయ్?"

"నిన్న కప్పు మీద లేదుగా."

పేరులో మూడో అక్షరం వంకరపోయింది. దాన్ని బొటనవేలితో కప్పేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. టపాకు ఇంకా రెండు గంటలుంది.