ట్రిఫీనా గదికి గోడ

మా తమ్ముడు ఎల్డ్రెడ్‌కి లెక్కలు వచ్చు. అదే మా కొంప ముంచింది.

వాడి కూతురు పోయాక, మనవరాలు ట్రిఫీనాని సర్కారువాళ్లు పట్నం తీసుకెళ్లి ఎవరింట్లోనో పెట్టారు. పిల్లకు విడిగా గది ఉంటేనే తిరిగి పంపుతామన్నారు. మా ఇల్లంతా కలిపి ఒకటే గది, మధ్యలో చెక్కగోడ కట్టాల్సిందే. సోమవారం చూడటానికి ఆఫీసరమ్మ విమానంలో వస్తుంది. మంచుసముద్రపు లాబ్రడార్ తీరాన ఈ రాతి దీవిలో మచ్చుకైనా చెట్టు లేదు. కలప తెచ్చే ఆఖరి ఓడ వచ్చి వెళ్లిపోయింది, ఇక సముద్రం గడ్డకడుతుంది, మళ్లీ జూన్‌లోనే.

శనివారం వాడు ఆ ఓడలో తెప్పించిన కర్రలన్నీ నేలమీద పరిచి, అలాగే కూలబడిపోయాడు.

"ఏమైందిరా?"

"అక్కా, నిలువు కర్రలే లెక్కేశాను. కింద నేలకి కొట్టేది, పైన కప్పుకింద రెండు వరసలు... అసలు గుర్తే రాలేదే!"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు: గోడ ఎన్ని అడుగులో అన్ని నిలువు కర్రలు, ఆపైన గోడ పొడవుకి మూడింతలు అడ్డకర్ర. వీడు మాత్రం అడుగుకొకటి దండగ, పదహారంగుళాలకొకటి చాలు అన్నాడు, అడ్డకర్ర సంగతే మరిచాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కర్రల్ని గాల్లో నిలబెడతావా? వాటిల్లోనే కొన్ని అడ్డంగా కొట్టు."

"అప్పుడు గోడ సగంలో ఆగిపోతుంది. ద్వారబంధానికీ మిగలదు. పిల్ల ఇంక రాదక్కా." వాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటింటికీ తిరిగాను. ఒక్క ముసలి హెజకయ్య అటకమీద తప్ప ఎక్కడా కలప లేదు. అదేమో ఆయన శవపేటిక కోసం దాచుకున్నది. చలికాలంలో పోతే ఎవరికీ ఇబ్బంది కాకూడదని ఇక్కడి ముసలివాళ్లు ముందే తెచ్చిపెట్టుకుంటారు. దాన్ని అడగటంకంటే సిగ్గుమాలిన పని లేదు. అయినా అడిగాను.

"సిగ్గులేదటే వెర్నా? పోయాక నన్ను గోనెసంచిలో కుక్కుతారా?" అని మొహంమీదే తలుపు వేశాడు.

ఆదివారం మా ఊళ్లో ఎవరూ సుత్తి ముట్టరు. ప్రార్థన అయి ఇంటికొచ్చామో లేదో, గుమ్మంలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. హెజకయ్య! దగ్గుతూ, మంచుబండి మీద ఆ పలకలు లాక్కొచ్చాడు.

"నిలువునా చీల్చి కొట్టుకోండి. ఆదివారమేమిటని దేవుడడిగితే నా పేరు చెప్పండి."

"మరి నువ్వు, బాబాయ్?" అన్నాడు ఎల్డ్రెడ్.

"ఓడ వచ్చేదాకా చావకూడదు, అంతేగా? రోజూ ఇంత వేడి చేపల పులుసు పంపండి, చూద్దాం."

ఆఫీసరమ్మ గోడను తట్టి చూసింది, తలుపు వేసి తీసింది, సరేనంది. తర్వాతి విమానంలో ట్రిఫీనా వచ్చేసింది.

అప్పట్నుంచి ఎల్డ్రెడ్ తెల్లారగానే, మా పొయ్యి రాజేయకముందే, హెజకయ్య పొగగొట్టం చూస్తాడు. నిన్న ఎంతసేపటికీ పొగ లేవలేదు. వాడు బూట్లయినా తొడుక్కోకుండా మంచులో పరుగెత్తాడు. వెనకే నేనూ. ఇద్దరం తలుపు బాదాం.

చివరికి లోపలినుంచి దగ్గు వినిపించింది.

"బతికే ఉన్నాన్రా! పేటిక ఇంకా అక్కర్లేదు. పో, ఆ గోడ జోలికి వెళ్లకు!"