దొర నాకిన బిడ్డ

ఆదివారం పూట సంగప్ప ఇంట్లో దొర తినకముందు ఎవరూ తినరు. దొర అంటే ఊరి పెద్దమనిషి కాదు, కుక్క. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఇంకో చెవి వాలి, రోజంతా గడపకు అడ్డంగా పడుకుని, దాటబోయిన ప్రతివాడినీ ఒక కన్ను తెరిచి చూసే కుక్క. సంగప్ప భార్య సత్తెమ్మ ఆదివారం వేడి జొన్నరొట్టెకు నెయ్యి పూసి, దొర నుదుట పసుపు బండారి పెట్టి, దండం పెట్టి మరీ వడ్డించేది. సంగప్ప వాకిట్లో మంచం మీద కూర్చుని, తన రొట్టె ఎప్పుడొస్తుందా అని కుక్క మూతి వైపు చూస్తుండేవాడు.

ఇదంతా మల్లన్న మహిమ. కోడలి కడుపు పండాలని సత్తెమ్మ మైలార్ మల్లన్న జాతరకు పోయి మొక్కుకుని వస్తుంటే, ఒక కుక్కపిల్ల ఆటో వెనక పరుగెత్తుకుంటూ వచ్చింది. మల్లన్న వెంట కుక్క ఉంటుందని అందరికీ తెలుసు. ఆటోలో రొట్టెల మూట ఉందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. సత్తెమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని నారాయణఖేడ్ తెచ్చింది. మరుసటి ఏడు కోడలు చందన నెల తప్పింది.

"దొర ఇచ్చిన బిడ్డ," అని సత్తెమ్మ వాడంతా చెప్పుకుంది. ఆ పనిలో తన కొడుకు దుర్గేశ్‌కు కూడా కొంత వాటా ఉండొచ్చని ఆమెకు తోచలేదు. దుర్గేశ్ మనూర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. తన పేరు రాలేదని బాధపడే మనిషి కాదు.

చందన కాన్పుకు కంగ్టి వైపు తల్లిగారింటికి పోయి, బిడ్డకు ఐదో నెల రాగానే తీసుకుని వచ్చింది. బిడ్డ పేరు సుహాసిని. వచ్చిన రోజు దొర బిడ్డను వాసన చూసి, తుమ్మి, పోయి గడపలో పడుకుంది. సత్తెమ్మ చిన్నబోయింది. కానీ మర్నాడు పొద్దున ఆమె తన బర్రె నెయ్యితో బిడ్డకు ఒళ్లంతా మర్దన చేసి చాప మీద పడుకోబెట్టగానే దొర లేచి వచ్చింది. బిడ్డను కాలి వేళ్ల నుంచి మాడు దాకా నాకింది. మడతల్లో కూడా వదలలేదు.

"చూసినవానే చందనా? మల్లన్న దీవిస్తుండు!"

"మూతి నాకుతుంది అత్తమ్మా. గా మూతితోనే ఇంతకుముందు పెంటకుప్ప తవ్వింది."

"అది, ఇది అనకు. ఆయన అను. ఆయన నాలుక గంగ."

చందన గంగను తడిగుడ్డతో తుడిచింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో ఆమెకు నోరుందా లేదా అని సంగప్పకు చాలా రోజులు అనుమానంగా ఉండేది.

దీవెన కబురు వాడలో పాకింది. పక్కింటి ఆనందమ్మ మనుమణ్ని చంకనేసుకుని వచ్చింది.

"పోరనికి దగ్గు తగ్గుతలేదు సత్తెమ్మా. జర దొరతోని నాకియ్యరాదు?"

సత్తెమ్మ ఆ పిల్లవాణ్ని దొర ముందు కూర్చోబెట్టింది. పిల్లవాడి ఒంటి నిండా పౌడరు. దొర మూతి దగ్గరికి తెచ్చి, తల తిప్పుకుని, వెనక కాలితో మెడ గోక్కుంది.

"ఇయ్యాల మనసు మంచిగ లేనట్టుంది. ఆదివారం తీస్కరా," అంది సత్తెమ్మ, డాక్టరు దగ్గర పనిచేసే మనిషిలా.

చందన పొయ్యి దగ్గర నుంచి అంతా చూసింది. అంగడి రోజు సత్తెమ్మ కూరగాయలకు పోగానే, బిడ్డకు పెసరపిండితో స్నానం చేయించి, కొబ్బరినూనె రాసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దొర వచ్చి, వాసన చూసి, వెళ్లిపోయింది. అప్పుడామె మూలనున్న రోకలికి కొంచెం నెయ్యి పూసింది. ఆ మధ్యాహ్నం దొర రోకలిని ఎంతో భక్తిగా దీవించింది. కింద పడేసి మరీ దీవించింది.

ఈ సంగతి దుర్గేశ్‌కు చెబితే పడీ పడీ నవ్వాడు.

"అయితే గిది మీ అమ్మకు చెప్పు," అంది చందన.

అతని నవ్వు ఆగింది. "నువ్వే చెప్పు. నేను ఈ ఇంట్లనే బువ్వ తినాలె."

చందనే చెప్పింది. "నెయ్యి వద్దు అత్తమ్మా. అది బిడ్డనే రొట్టె అనుకుంటుంది."

"నా బర్రె నెయ్యికి వంక పెడ్తవా? నీ మొగనికి గూడ గిదే పూసి పెంచిన. ఎట్లున్నడో జూడు."

చందన చూసింది. దుర్గేశ్ గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నాకినంత కాలం చందనకు అసహ్యమే గానీ భయం లేదు. భయం, బిడ్డ పాకడం మొదలుపెట్టాక వచ్చింది. సుహాసిని ఎటు వదిలినా దొర వైపే పోయేది. తోక పట్టుకునేది, వాలిన చెవి గుంజేది. దొర లేచి ఇంకోచోటికి పోయేది. బిడ్డ అక్కడికీ పోయేది. దొర మూతి పక్కకు తిప్పి, పెదాలు నాకుకుని, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసేది. ఒకసారి పళ్లెం దగ్గర బిడ్డను చూసి తినడం ఆపి, కర్రలా బిగుసుకుని నిలబడింది. చందన బిడ్డను ఎత్తుకున్నాకే మళ్లీ తిన్నది.

ఇంట్లో ఎవరికీ ఇవి కనిపించలేదు. "ఎంత ఓపిక! మనిషి గూడ గింత ఓర్సుకోడు," అని సత్తెమ్మ మురిసిపోయింది.

ఆ ఓపిక అయిపోతున్నదని చందనకు తెలుస్తూనే ఉంది. అప్పటి నుంచి బిడ్డను చంక దింపలేదు. బట్టలు ఆరేయడానికి పోయినా, బర్రెకు కుడితి పెట్టడానికి పోయినా వెంట తీసుకునే పోయేది.

"బిడ్డను సంచి లెక్క మోస్తవేందే? మల్లన్న కుక్క కరుస్తదా?"

"కుక్కకు తెల్వదు గద అత్తమ్మా, అది మల్లన్నదని."

ఆ మాటకు సత్తెమ్మ పొద్దుగూకేదాకా కోడలితో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

తర్వాతి ఆదివారం ఆనందమ్మ మళ్లీ వచ్చింది, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని. చందన రొట్టెలు కొడుతోంది. రెండు చేతులకూ పిండే. బిడ్డను పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. సత్తెమ్మ వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది.

"ఇయ్యాల దొర, మనుమరాలు ఒక్క పళ్లెంల తింటరు. జూడుండ్రి," అన్న మాట వాకిట్లో నుంచి వినిపించింది.

చందన పెనం మీద రొట్టె అట్లాగే వదిలేసి లేచింది. వాకిట్లోకి వచ్చేసరికి పళ్లెంలో నెయ్యి రొట్టె, పళ్లేనికి ఇటు దొర, అటు సుహాసిని. బిడ్డ చెయ్యి రొట్టె మీద పడింది. దొర నమలడం ఆపింది. గొంతులో నుంచి సన్నగా గుర్రుమంది.

"ఏం రాగం తీస్తుండో!" అంది ఆనందమ్మ.

చందన అరవలేదు, పరుగెత్తలేదు. బిడ్డ వెనక నుంచి వచ్చి, పిండి చేతులతోనే చంకల కింద పట్టి పైకి లేపేసింది. సరిగ్గా అప్పుడే సత్తెమ్మ, "ఏ దొరా, మన పోరే గద," అని దాని మూతి నిమరబోయింది.

దొర సత్తెమ్మ చెయ్యి పట్టేసింది.

వదిలిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ బొటనవేలి కింద పళ్లు దిగాయి, నెత్తురు కారింది. వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు కూడా వేసుకోకుండా పోయారు. సత్తెమ్మ నొప్పి కంటే ఎక్కువ ఆశ్చర్యంతో చెయ్యి చూసుకుంటూ, "బండారి పెట్టుండ్రి, బండారి..." అంది.

"బండారి తర్వాత," అంది చందన. బిడ్డను సంగప్ప ఒళ్లో పడేసి, అత్తను నల్లా దగ్గరికి లాక్కుపోయింది. సబ్బు పెట్టి రుద్దింది, నీళ్లు వదిలింది, మళ్లీ రుద్దింది.

"అమ్మా, సంపుతున్నవే!"

"ఓర్సుకో అత్తమ్మా. గాయన ఓర్సుకోలేదా ఇన్నొద్దులు?"

దుర్గేశ్ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. నర్సు చెయ్యి చూసి, "కుక్కనా?" అని అడిగింది.

"ఉత్త కుక్క కాదు బిడ్డా. మా మల్లన్న..."

"మల్లన్న కరిసినా సూది గిదే," అంది నర్సు. "చెయ్యి జాపు. ఇంకా శాన సూదులున్నయి, తప్పకుండ రావాలె."

ఆ చెయ్యి బిడ్డ చెయ్యి అయితే ఎంత చిన్నగా ఉండేదో అని సత్తెమ్మ దారి పొడవునా తన గుప్పిటను ముడిచి, తెరిచి చూసుకుంటూ ఉంది.

వాళ్లు ఇంటికి రాగానే సంగప్ప మంచం మీద నుంచి లేచాడు. రెండేళ్లకు పైగా చల్లారిన రొట్టెలు తిన్న కోపమంతా ఒక్కసారిగా వచ్చింది. "గీ దొరతనం చాలు. బీదర్ రోడ్డుకు తీస్కపోయి ఇడిసొస్త."

"వద్దు మామా," అంది చందన. "అది శాన మార్లు చెప్పింది. మనకే తెలివి లేకపాయె. రోడ్ల మీద ఇడిస్తే ఇంకెవల పిల్లలనో కరుస్తది."

సంగప్ప ఆమె వైపు చూశాడు. కోడలు ఒక్కసారే ఇన్ని మాటలు మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.

దుర్గేశ్ దొరను పశువుల దవాఖానకు తీసుకుపోయి దానికీ సూదులు వేయించాడు. బర్రె కొట్టం పక్కన నడుమెత్తు తడిక కట్టాడు. దొర పళ్లెం అటు, బిడ్డ ఇటు. మొదటి రోజు దొర తడిక అవతల తిని, కాళ్లు చాపుకుని, నిద్రలో గురక పెట్టింది. చందన దాన్ని అంత హాయిగా చూడటం అదే మొదలు.

ఆదివారం వచ్చింది. ఆనందమ్మ మనుమడితో గేటు దగ్గర నిలబడింది, ఈసారి కొంచెం దూరంగా. "ఏందే సత్తెమ్మా, దొరను జైల్ల ఏసినవా?"

రొట్టెలు కొడుతున్న చందన చెవులు రిక్కించింది. సత్తెమ్మ కట్టు కట్టిన చేతిని గుండె మీద పెట్టుకుని, గొంతు తగ్గించింది.

"మల్లన్న కలలకొచ్చిండే. 'ఓ సత్తెమ్మా, పసిపిల్లను కుక్కతోని ఒక్కదాన్నే ఇడువకు. అది తినేకాడికి పోనియ్యకు. బిడ్డకు నెయ్యి పుయ్యకు' అని జెప్పిండు."

చందన రొట్టె తిప్పేసింది. మల్లన్న బాగానే చెప్పాడు, అన్నీ చందన మాటలే. వాకిట్లోకి తల పెట్టి అంది:

"అత్తమ్మా, బిడ్డ తొట్టెల పండుకున్నప్పుడు అర్ర తలుపు దగ్గరికెయ్యాలె అని గూడ అన్నడు గద?"

సత్తెమ్మ కోడలి వైపు తిరిగింది. ఆనందమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆ," అంది సత్తెమ్మ చివరకు. "అది గూడ అన్నడు. నేనే మర్సిపోయిన."

అని, లోపలికి పోయి బిడ్డ నిద్రపోతున్న అర్ర తలుపు దగ్గరికి వేసింది.